ఎడమ కాలి కప్ప

పోయిన వారం మానుకోటలోని మా ఇంటికి ఒక చిన్న పార్సిల్ వచ్చింది. బోర్డుల మీద మహబూబాబాద్ అని ఎంత పెద్దగా రాసినా మా నోటికి ఇప్పటికీ మానుకోటే. అట్టపెట్టెకు చుట్టిన టేపును వంటింటి కత్తితో కోసి మూత తీశానో లేదో, లోపలి నుంచి కొత్త రబ్బరు వాసన గుప్పుమంది. అది కొత్త హవాయి చెప్పుల వాసన. పెట్టెలో ఉన్నవి మాత్రం చెప్పులు కావు. ప్లాస్టిక్ అచ్చులో ఒదిగి కూర్చున్న ఆకుపచ్చ రబ్బరు కప్ప ఉంది, పసుపు కళ్లు, పొట్ట కింద రెండు కొండీల గాలం, వెనక కాళ్ల బదులు సన్నటి కుచ్చులు. అచ్చులో రెండు కప్పలకు సరిపడా గుంటలున్నాయి గానీ రెండోది ఖాళీ. ఉన్న ఒక్క కప్ప వీపు మీదా ఏదో కాలిన మచ్చ. నా కళ్లద్దాలు ఎప్పట్లాగే ఎక్కడో ఉన్నాయి కాబట్టి అదేమిటో సరిగా కనిపించలేదు.

మా ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఒకటి మాయమైంది, ఇంకోటి కాలింది. గీ సామాను వాపస్ పంపు," అన్నాడు. పంపినవాళ్ల పేరు చూస్తే మా శీనుగాడిది. శీనుగాడంటే మా పెద్దబాపు కొడుకు, నాకన్నా మూడు నెలలు చిన్న, ఇప్పుడు భూపాలపల్లిలో బొగ్గుబాయిలో పని చేస్తాడు, జుట్టుకు రంగు వేసుకుంటాడు, ఇద్దరు పిల్లల పెళ్లిళ్లు కూడా చేశాడు. చీటీ లేదు, ఫోనూ చేయలేదు. "మీ తమ్మునికేమన్న పిచ్చా? గీ వయసుల కప్పలతోని ఆటలేంది?" అని మా ఆయన అడిగాడు. పిచ్చేనని ఒప్పుకోవచ్చు గానీ, ఆ పిచ్చి వాడొక్కడిదే కాదని కూడా చెప్పాల్సి వస్తుంది.

తరిగొప్పుల దాటి ఎర్రమట్టి బాట పట్టుకుని చాలాసేపు నడిస్తే వచ్చే ఊరు మాది. ఎండాకాలం సెలవులంటే మాకు ఈత పండ్లు ఏరుకుని నోరంతా వగరు చేసుకోవడం, తాటి ముంజలు తిని ఆ కాయలతోనే రెండు చక్రాల బండ్లు చేసి ఊరంతా తోలడం, మధ్యాహ్నం జొన్న గట్కలో పచ్చిపులుసు పోసుకుని మామిడికాయ తొక్కు నంజుకోవడం, అది అరిగేదాకా చింతచెట్ల నీడన కట్టెతో బిళ్లను ఎగరగొట్టే చిర్రగోనె ఆడి ఎవరిదో ఒకరి నుదురు పగలగొట్టడం. ఆ ఆటలో శీనుగాడు ఎప్పుడూ తొండి చేసేవాడు. నేను కూడా చేసేదాన్ని గానీ నాది దొరికేది కాదు.

తాత పోయిన ఏడాదికే మా బాపు, ఆయన అన్న పెద్దబాపు వేరుపడ్డారు. ఎందుకు వేరుపడ్డారని అడిగితే ఇద్దరూ రెండు వేరువేరు కారణాలు చెప్పేవాళ్లు, అమ్మ మూడోది చెప్పేది. ఇంటి నడుమ గోడ లేచింది. ఇంట్లో సామానంతా పెద్దమనుషుల ముందు సమానంగా పంచుకున్నారు, ఎంత సమానంగా అంటే రోలు వాళ్లకు పోయింది, రోకలి మాకు వచ్చింది. కారం దంచుకోవాలంటే వాళ్లకు రోకలి లేదు, మాకు రోలు లేదు. ఇద్దరికీ మాటల్లేవు కాబట్టి రెండేళ్లు రెండిళ్లూ ఊళ్లోవాళ్ల ఇళ్లకు పోయి దంచుకున్నాయి గానీ, గోడ మీదుగా ఒకరినొకరు అడగలేదు.

పంచుకోలేకపోయినవి రెండే, బాయి ఒకటి, అవ్వ ఒకతి. ఆ రెండింటికీ వంతులు పెట్టారు. బాయి మీది మోటరు రోజు విడిచి రోజు. మా నాయనమ్మ అమాస నుంచి అమాసకు నెల విడిచి నెల. అమాస పొద్దున అవ్వ తన బొంత, రేకు డబ్బా, రెండు చీరెలు మూట కట్టుకుని, నీలం పట్టీల హవాయి చెప్పులు వేసుకుని, గోడ చుట్టూ తిరిగి అవతలి ఇంటికి పోయేది. అధికమాసం వచ్చిన ఏడు ఆ నెల ఎవరి లెక్కలోకి వస్తుందని మా బాపు పంచాంగం చూసే అయ్యగారిని అడిగి వస్తే, అదే మాట అడగడానికి పెద్దబాపు ఎదురు పోతున్నాడు. పోయేది గోడవతలికే అయినా ఆ పొద్దున నేను నోట్లో ముద్ద పెట్టుకునేదాన్ని కాదు. నేను పుట్టినప్పటి నుంచి అవ్వ పక్కలో పడుకున్నదాన్ని. ఆమె నా వీపు గోకితే తప్ప నాకు నిద్ర పట్టేది కాదు. ఆ నెలంతా మా ఇంట్లో ఆమె పక్క పరిచే జాగా ఖాళీగా ఉంటే, అటు తిరిగి పడుకోవాలంటేనే ఏడుపొచ్చేది. అవతల శీనుగాడు ఆమె పక్కలో పడుకుని కథలు వింటున్నాడన్న ఆలోచన ఇంకా మండించేది. వాడి నెలంతా నేనూ నా నెలంతా వాడూ ఇట్లా మండుతూనే గడిపాం.

మా బాయి పెద్ద మోటబాయి. రాతితో కట్టింది, తూర్పున ఒక వరుస మెట్లు, పడమర ఒక వరుస. భూమి పంచినప్పుడు తూర్పు మెట్లు పెద్దబాపుకు, పడమటి మెట్లు మాకు వచ్చాయి. నీళ్లు ఇద్దరివి. ఆ నీళ్లలో ఒక కొర్రమట్ట ఉండేది, మోచేతి పొడవున్న నల్లటి చేప, పాము తలలాంటి తల. నీళ్లు తగ్గిన ఎండాకాలం గాలి మింగడానికి పైకి వచ్చి 'గుబుక్' మని మునిగేది. అది పిల్లగా ఉన్నప్పుడు చెరువులోంచి తెచ్చి తానే వేశానని బాపు అనేవాడు. పెద్దబాపు కూడా అదే అనేవాడు. ఒకరితో ఒకరు మాట్లాడుకోరు కాబట్టి ఈ ముక్కను ఇద్దరూ ఊరందరితో చెప్పేవాళ్లు. ఎవరు వేసినా వల వేసి పట్టే ధైర్యం మాత్రం ఇద్దరికీ లేదు. వల వేస్తే అవతలివాళ్లు పంచాయితీ పెడతారు. గాలం మాత్రం పిల్లల ఆట కాబట్టి దానికి పంచాయితీ లేదు.

మృగశిర కార్తె మొదలయ్యే రోజును మా దిక్కు మిరుగు అంటాం. ఎండలు పోయి వాన రావలసిన రోజు. ఆ రోజు చేప తినని ఇల్లుండదు. తినకపోతే ఒంట్లో వేడి పోదని, వానాకాలం రోగాలు పట్టుకుంటాయని నమ్మకం. చెరువులన్నీ అడుగంటి చేప దొరకని రోజుల్లోనే ఈ పండుగ రావడం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ ఏడు మా చెరువులో మట్టి తప్ప ఏమీ లేదు. జనగామ నుంచి చేపల గంప వస్తుందో రాదో తెలియదు. అవ్వ అప్పుడు పెద్దబాపు వంతులో ఉంది. మిరుగు ఇంక పదిహేను రోజులుందనగా ఒకరోజు పొద్దున, గోడ మీదుగా రెండిళ్లకూ వినబడేట్టు అరిచింది.

"ఇగ వినుండ్రి! అమాస అమాసకు మూట వట్టుకొని తిరుగుడు నాతోని గాదు. బాయిల కొర్రమట్ట ఉన్నది గద, దాన్ని ఎవ్వలు వట్టి మిరుగు నాడు నాకు వండి వెడ్తరో, ఇగ బతికినన్నొద్దులు ఆ ఇంట్లనే ఉంట. గంతే!"

గోడకు ఇవతల నా గుండె ఝల్లుమంది. గోడకు అవతల శీనుగాడిది కూడా ఝల్లుమనే ఉంటుంది. అమ్మా పెద్దమ్మా ఏమనుకున్నారో నాకు తెలియదు గానీ, ఆ చేపను పట్టి అవ్వను ఎప్పటికీ నా పక్కలోకి తెచ్చుకోవాలని నేను అప్పటికప్పుడు ఒట్టు పెట్టుకున్నాను. ఆడపిల్ల గాలం పట్టడమేమిటని బాపు ముందు నవ్వాడు. తర్వాత పెద్దబాపు ఇంట్లో శీనుగాడు వెదురు కట్టె చెక్కుతున్నాడని తెలిసి, తనే పోయి నాకు ఇంకా పొడుగు కట్టె నరుక్కొచ్చాడు.

మొదట ఎర్రలతో మొదలుపెట్టాను. పెంటకుప్ప తవ్వి డబ్బాడు వానపాములు తెచ్చి గుచ్చితే పరకపిల్లలు వచ్చి చుట్టూ గిల్లి పోయేవి. కొర్రమట్ట కింద నుంచి చూసేది, నన్ను చూసేదో ఎర్రను చూసేదో తెలియదు గానీ చూసి వెనక్కి పోయేది. గోధుమపిండి ముద్ద పెట్టాను, పెసరపిండి పెట్టాను, అమ్మ దాచిన ఎండురొయ్యలు పెట్టాను. ఆ రొయ్యలకు నాకు దెబ్బలు పడ్డాయి గానీ చేప మాత్రం పడలేదు. కొర్రమట్టకు కప్పంటే ప్రాణమని ఊరంతటికీ తెలుసు. అవతలి మెట్ల మీద శీనుగాడు బతికున్న కప్పపిల్లను గుచ్చి వేసేవాడు. నేనూ ఒకసారి పట్టుకున్నాను. అది నా చేతిలో గొంతు టపటపా కొట్టుకుంటూ నా ముఖంలోకి చూసింది. గుచ్చలేక విడిచిపెట్టి, మెట్ల మీదే గట్కంతా కక్కేశాను. శీనుగాడు అవతల నుంచి వంద ఊళ్లకు వినపడేట్టు నవ్వాడు. వాడి కప్పలనూ ఆ చేప ఒక్కొక్కటే కాళ్లు పట్టి గుంజుకుని తినేసి, గాలం ముల్లును శుభ్రంగా విడిచిపెట్టేది. నాలుగు కప్పలు పోయేసరికి వాడి నవ్వు కూడా పోయింది.

బతికున్న కప్ప నావల్ల కాదు కాబట్టి బతకని కప్ప చేయాలని నాకు తట్టింది. నీళ్లపై తేలాలి, మెత్తగా ఉండాలి, కోస్తే కప్ప ఆకారం రావాలి. ఇంటంతా వెతికి పనికొచ్చేది హవాయి చెప్పు ఒక్కటేనని తేల్చుకున్నాను. మా ఇంట్లో చెప్పులు ముట్టుకుంటే బాపు అదే చెప్పుతో కొడతాడు. అందుకని మిట్టమధ్యాహ్నం గోడ చివర నుంచి తల పెట్టి చూస్తే పెద్దబాపు గడప ముందు అవ్వ చెప్పు ఉంది. ఒక్కటే ఉంది, ఎడమ కాలిది. రెండోది కుక్క ఎత్తుకుపోయిందనుకున్నాను. అది దొంగతనమేనని తెలుసు, కానీ ఆమె కోసమే కదా అని మనసుకు చెప్పుకుని లంగాలో దోపుకుని పరుగెత్తాను. అవ్వ చెప్పులు పెళ్లిళ్లలో మారిపోకుండా రెండింటి మడమల మీదా కాల్చిన కొడవలి మొనతో ఇంటూ గుర్తు వేసుకునేది. ఆ గుర్తు కప్ప వీపు మీదికి వచ్చేట్టు బాపు గడ్డం గీసుకునే బ్లేడుతో చెక్కాను, అందంగా ఉంటుందని.

ఆ సాయంత్రం గోడవతల లొల్లి మొదలైంది. "అత్త చెప్పులు మా వంతుల ఉన్నప్పుడే వోయినయ్, ఎవ్వల పనో మాకు ఎరుకే!" అని పెద్దమ్మ. "మా ఇంట్ల చెప్పులకు కరువొచ్చిందా, ముసలామె చెప్పులు దొంగిలిచ్చుకునెటందుకు!" అని మా అమ్మ. గోడ రెండు దిక్కుల నుంచీ చెప్పుల చుట్టే తిరిగిన ఆ మాటలు చివరికి ఎవరి పుట్టింటివాళ్లు ఎట్లాంటివాళ్లనే దగ్గర ఆగాయి. అవ్వే అడ్డం వచ్చి, "కుక్కలు ఎత్కవోయినయ్ తియ్యుండ్రి, చెప్పులు లేకుంటె నడువనా నేను?" అని వట్టి కాళ్లతో వాకిట్లోకి పోయింది. నేను కప్పను దుప్పటి కింద ఇంకా లోపలికి దాచుకున్నాను.

గాలానికి గుచ్చి మొదటిసారి నీళ్లలో వేయగానే కప్ప వెల్లకిలా తిరిగింది. కడుపు కింద గాటు పెట్టి, సైకిల్ చక్రంలోంచి రాలిన ఇనుప గోలీ దూర్చాను. అప్పుడు నిలబడింది గానీ కాళ్లు కదలలేదు. పాత ట్యూబు కోసి కాళ్లు కట్టాను. కళ్లు కావాలని అమ్మ గోళ్లరంగు పెట్టాను, ఎర్రటి కళ్లతో అది రాత్రంతా నిద్రలేని కప్పలా తయారైంది. చప్పుడుంటే చేప వస్తుందని ఎవరో చెబితే నా పట్టీల మువ్వలు రెండు తెంపి కట్టాను. గలగలమంటూ కప్ప నీళ్లపై నడుస్తుంటే, చేప సంగతేమో గానీ బాయి గట్టు మీది గేదె బెదిరి తాడు తెంపుకుని పెద్దబాపు కూరగాయల మడిలో పడింది. దానికీ ఒక పంచాయితీ అయింది. మువ్వలు తీసేసి ఆముదం పూశాను. నీళ్ల మీద నూనె పరచుకుని పిల్లచేపలు కూడా పారిపోయాయి. ప్రతిసారీ కొర్రమట్ట పైకి వచ్చేది, నా కప్ప కిందికి వచ్చి ఆగేది, ఏదో అనుమానమొచ్చినట్టు తోక ఆడించి వెనక్కి పోయేది. మిరుగుకు ఇంక నాలుగే రోజులు. ఆ మెట్ల మీద కూర్చుని మోకాళ్లలో తల పెట్టుకుని నేను నిజంగానే ఏడ్చాను.

అవ్వ వట్టి కాళ్లతో మెట్లు దిగి వచ్చి పక్కన కూర్చుంది. నా చేతిలోంచి కప్పను తీసుకుని, వీపు మీది గుర్తు మీద బొటనవేలు పెట్టి రుద్దింది. తిడుతుందని చెవులు మూసుకున్నాను. తిట్టలేదు.

"గిది కప్పనా, పెండ్లికూతురా? గిన్ని సొమ్ములెందుకే దీనికి?"

"కొర్రమట్ట మింగుతలేదవ్వా..."

"ఎందుకు మింగుతది? కప్పకు బిత్తర ఉంటదే పిచ్చి పోరీ. పామున్నదో, పిట్టున్నదో అని బిత్తర. జర దుంకుతది, ఆగుతది, అటు సూత్తది, ఇటు సూత్తది, మల్ల దుంకుతది. నీ కప్పకు బిత్తర లేదు. సుట్టపింటికి వోయినట్టు సక్కగ వోతాంది."

అని, తన చీరె ఎర్ర అంచును పండ్లతో పట్టి ఒక పేలిక చించి, కప్ప వెనక కుచ్చుగా కట్టింది. గాలానికి కట్టిన తంగూసు దారం నా వేళ్ల మధ్య పెట్టి, మణికట్టు మాత్రం ఎట్లా కదిలించాలో, ఎక్కడ ఊపిరి బిగపట్టి ఆపాలో చూపించింది. రెండు రోజులు పశువుల తొట్టిలో సాధన చేశాను. నీళ్లు తాగవచ్చిన ఎద్దు ఆగి నా కప్పకేసి చూసిందంటే పని కుదిరిందన్నమాట. పోయే ముందు అవ్వ, "ఎవ్వలకు జెప్పకు, శీనుగానికి అసలే జెప్పకు," అని చెవిలో చెప్పింది. అవతలి ఇంటి కూడు తింటూ నా దిక్కు నిలబడిందని నాకు ఎంత గర్వమో చెప్పలేను.

మిరుగు రోజు పొద్దుటి నుంచి మబ్బు పట్టింది. చేపల గంప రాలేదు. అయినా మా అమ్మ చింతపండు నానబెట్టింది, మసాలా నూరింది. గోడవతలి నుంచి కూడా అదే వాసన వచ్చింది. రెండు వంటిళ్లూ చేప తప్ప అన్నీ సిద్ధం చేసుకుని కూర్చున్నాయి. బాపు, పెద్దబాపు తొలకరికి భూమి సిద్ధం చేసుకుంటున్నట్టు చెరో చెలకలో నిలబడి బాయి దిక్కే చూస్తున్నారు. నేను పడమటి మెట్ల చివర, శీనుగాడు తూర్పు మెట్ల చివర నిలబడ్డాం. సన్నటి జల్లు మొదలైంది. నేను కప్పను వేసి, దుంకించి, ఆపి, ఊపిరి బిగపట్టి, మళ్లీ దుంకించాను.

'గుబుక్'.

కట్టె నా చేతిలోంచి దాదాపు ఊడిపోయింది. "పడ్డదీ!" అని నేనరిచిన అరుపు ఊళ్లోకి వినిపించిందట. కొర్రమట్ట ఒక్క గుంజుడుతో బాయి నడుమకు, అక్కడి నుంచి తూర్పుకు పోయి, శీనుగాడి దారాన్ని ఒంటికి చుట్టుకుంది. వాడి కట్టె వంగింది. "నాకు వడ్డదీ!" అని వాడూ అరిచాడు. బాపు మా మెట్ల మీద, పెద్దబాపు వాళ్ల మెట్ల మీద పడుతూ లేస్తూ దిగి వచ్చి, చెరో కట్టె అందుకుని గుంజారు. ఇద్దరూ మొండివాళ్లు, ఇద్దరికీ బలముంది, దారాలకూ బలముంది. దాంతో ఆ చేప నీళ్లలోంచి లేచి, బాయి నడుమ, దండెం మీద ఆరేసిన బట్టలా గాలిలో వేలాడింది. నీళ్లు కారుస్తూ, తోక కొట్టుకుంటూ, ఇటూ రాదు అటూ పోదు.

"ఇడువు! నా బిడ్డ వట్టింది!" అన్నాడు బాపు.

"నువ్విడువు! నా కొడుకు వట్టిండు!" అన్నాడు పెద్దబాపు.

రెండేళ్ల తర్వాత అన్నదమ్ముల మొదటి మాటలు అవి. ఆ సంతోషం చూసే తీరిక అప్పుడెవరికీ లేదు. గట్టు మీదికి ఊరు సగం చేరింది. అవ్వ గట్టంచున నిలబడి గుండెలు బాదుకుంటూ అరిచింది, "ఒక్కడు ఇడువుండ్రిరా! ఒక్కడిడిస్తె ఇంకో దిక్కన్న వస్తది! నన్ను కన్నతల్లనుకుంటె ఇడువుండ్రి!"

వాళ్లిద్దరూ ముఖాలు చూసుకున్నారు. తల్లి మాట విన్నది నేనంటే నేనని తర్వాత ఊళ్లో చెప్పుకోవాలి కదా. ఇద్దరూ ఒకేసారి విడిచారు. కట్టెలతో సహా విడిచారు.

చేప, దారాలు, రెండు వెదురు కట్టెలు అన్నీ ధబేల్‌మని నీళ్లలో పడ్డాయి. రెండేళ్లలో వాళ్లిద్దరూ ఒక్క తీరుగా చేసిన పని అదొక్కటే. కాసేపటికి కట్టెలు పైకి తేలాయి. కొంచెం ఆగి చేప వదిలించుకున్న కప్పలు కూడా తేలాయి, ఒకటి కాదు, రెండు. పక్కపక్కనే వెల్లకిలా కాకుండా చక్కగా వీపు పైకి పెట్టి తేలుతున్నాయి. రెండింటి వీపుల మీదా ఇంటూ గుర్తు. రెండింటి వెనకా ఎర్రటి పేలిక, ఒకే చీరె అంచుది. ఒకటి ఎడమ కాలిది, ఇంకొకటి కుడి కాలిది.

నేను శీనుగాడి దిక్కు చూశాను. వాడు నా దిక్కు చూశాడు. తర్వాత ఇద్దరం గట్టు మీదికి చూస్తే, అవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుని మబ్బుల దిక్కు తిరిగింది. బిత్తర గురించి వాడికీ చెప్పిందట. ఎవ్వలకు జెప్పకు, సునీతకు అసలే జెప్పకు అని కూడా చెప్పిందట. సునీత నేనే.

మా రెండిళ్లూ ఆ మిరుగుకు చేపలు లేని చేపల పులుసు తిన్నాయి, నాలుగు ఎండురొయ్యలు వేసుకుని. అవ్వ మాత్రం తినడానికి ఏ ఇంటికీ రాలేదు. బాయికాడి కొట్టంలో, పచ్చిగడ్డి మోపుల పక్కన బొంత పరుచుకుని కూర్చుంది. "ఎవ్వలు పట్టలే. ఎవ్వలింటికీ రాను. గీడనే ఉంట," అంది. బాపు బతిమాలాడు, పెద్దబాపు బతిమాలాడు, ఇద్దరూ కలిసి బతిమాలడం మాత్రం ఇంకా అలవాటు కాలేదు. ఓడిపోయిన ఏడుపుతో నేను పోయి ఆమె ఒళ్లో పడి, వాడికెందుకు చెప్పావని పిడికిళ్లతో కొట్టాను. శీనుగాడు కూడా అవతల పక్క కూర్చుని అదే అడుగుతూ ముక్కు చీదుతున్నాడు.

అవ్వ నా వీపు గోకుతూ, "ఒక్క చెప్పుతోని ఎట్ల నడుస్తనే బిడ్డా?" అంది. తర్వాత, ఎవరికీ చెప్పనట్టు, "ఎవ్వలింట్ల పన్నా, ఎన్నొద్దులైతదని లెక్క వెడ్తరు. గీ కొట్టంల లెక్క లేదు," అంది. చిన్నదాన్నయినా ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. అవ్వను నా పక్కలోకి తెచ్చుకోవాలనుకున్నాను గానీ, ఆమెకు తనదంటూ ఒక పక్క కావాలని నాకు అంతకు ముందు ఎన్నడూ తట్టలేదు.

ఆ కొట్టంలో అవ్వ నాలుగేళ్లు ఉంది. సాయంత్రం కాగానే మేమిద్దరం అక్కడే, ఒకడు ఈ పక్క, ఒకతి ఆ పక్క. రెండిళ్ల నుంచీ గిన్నెలు వచ్చేవి, అమ్మ వండింది బాగుందా పెద్దమ్మ వండింది బాగుందా అని అడిగితే అవ్వకు హఠాత్తుగా చెవులు వినపడేవి కావు. తల్లిని చూడవచ్చి ఎదురుపడ్డ అన్నదమ్ములు మొదట మోటరు గురించి, తర్వాత ఎరువుల గురించి, అట్లా నెమ్మదిగా మాట్లాడటం మొదలుపెట్టారు. ఒకరోజు రోకలి గోడవతలికి పోయింది, మరునాడు రోలు మా దిక్కుకు దొర్లి వచ్చింది. చేప జోలికి మళ్లీ ఎవరూ పోలేదు. అవ్వ మెట్ల మీద కూర్చుని దానికి గట్క మెతుకులు వేసేది. ఆమె పోయినప్పుడు నేను అందరికన్నా ముందు కొట్టంలోకి పరుగెత్తి ఆ బొంతను ఎత్తుకున్నాను, శీనుగాడికి దొరకకుండా. ఆ ఏడుపులో కూడా నాకు ఆ తెలివి ఉందని ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

బోర్లు వచ్చాక బాయి ఎండిపోయింది. అడుగు బురదంతా తవ్వి చూసినా కొర్రమట్ట దొరకలేదు. అన్న తీశాడని తమ్ముడికీ, తమ్ముడు తీశాడని అన్నకూ చివరిదాకా చిన్న అనుమానం ఉండిపోయింది. ఇప్పుడు అక్కడ బాయి లేదు, రెండు దిక్కుల మెట్లూ మట్టి కింద ఉన్నాయి, పైన పత్తి చేను. కొట్టం జాడ నాకు తప్ప ఎవరికీ తెలియదు. మిరుగు నాడు ఇప్పుడు చేపలు ఐసు పెట్టెల్లో లారీల మీద దిగుతాయి, కోసి, శుభ్రం చేసి, కవర్లో పెట్టి ఇస్తారు. వాటికి రుచి ఉంటుంది, నేను అబద్ధం చెప్పను. కానీ వాటిని ఎవరు పట్టారని ఏ ఇంట్లోనూ ఎవరూ కొట్లాడరు.

ఇదంతా తలుచుకుంటూ పార్సిల్ ముందు కూర్చున్నానా, కళ్లద్దాలు చివరికి ఫ్రిజ్ మీద దొరికాయి. పెట్టుకుని కప్ప వీపు చూశాను. కాలిన మచ్చ కాదది. ఎవరో వేడి సూదితో జాగ్రత్తగా వేసిన ఇంటూ గుర్తు. ఫోన్ చేశాను.

"అందిందా అక్కా?" అన్నాడు శీనుగాడు. "జత కొన్న. ఒకటి నా తాన ఉన్నది. నాదానికి గూడ గుర్తేసిన."

"నాది ఎడమదా, కుడిదా?"

"నీది ఎడమదే గద ఎప్పుడు. మిరుగు నాడు టేకుమట్ల దిక్కు చెరువుకు వోదాం, నువ్వు రా. గని అక్కా, గప్పుడు చేప ముందు మింగింది మాత్రం నా కప్పనే."

"పెట్టెయ్‌రా ఫోను," అని నేనే పెట్టేశాను. ముందు మింగింది నా కప్పనే. అది సూర్యుడు తూర్పున పొడుస్తాడన్నంత నిజం.

కప్పను పళ్లెంలో నీళ్లు పోసి ఆడించి చూశాను. రంగుంది, కళ్లున్నాయి, కుచ్చులున్నాయి, అంత దూరం నుంచి వచ్చిన దానికి బిత్తర మాత్రం లేదు. ఫ్యాక్టరీ కుచ్చులు ఊడదీసి, అటక మీది నుంచి అవ్వ బొంత దింపాను. దాని పొరల్లో ఆ ఎర్ర అంచు చీరె ఇంకా ఉంది, రంగు వెలిసి ఇటుక రంగుకు తిరిగింది. ఎన్నేళ్లుగానో ఎవరికీ ముట్టనివ్వని ఆ బొంత కుట్లు ఒక మూల విప్పి, కత్తెర పెట్టి పేలిక కోసి కప్ప వెనక కట్టాను. తర్వాత ఇంకొకటి కోసి, దాన్ని అచ్చులోని ఖాళీ గుంటలో పెట్టి, పెట్టె మీద శీనుగాడి అడ్రసు రాశాను.